రోజుకు రెండు పుల్కాలు

నవంబరు 3, సోమవారం. ఏలూరు.

రేపటి నుంచి ఆరు వారాలు రోజూ గోధుమ తినాలి. డాక్టరు ఆజ్ఞ.

గోధుమ నాకు పడదని ఏడాది కిందట నాకు నేనే తేల్చుకుని మానేశాను. చపాతీ లేదు, బ్రెడ్డు లేదు, బిస్కెట్టు లేదు. అయినా కడుపుబ్బరం సగమే తగ్గింది. నీరసం అసలు తగ్గలేదు. రక్తం తక్కువ.

సీలియాక్ అనే జబ్బు కావచ్చట. గోధుమలో గ్లూటెన్ అనే జిగురు ఉంటుంది, అది కొందరి పేగులకు గిట్టదు. రక్తపరీక్షలో తెలుస్తుంది. కాని గోధుమ తింటూ ఉంటేనే తెలుస్తుంది. మానేసి వెళితే ఉన్న జబ్బు కూడా దాక్కుంటుంది. "దొంగ ఊళ్ళో లేనప్పుడు పోలీసు కుక్కని తిప్పితే ఏం లాభమండీ" అంది డాక్టరు భాగ్యశ్రీ. చిన్నపిల్ల, కాని ఉపమానం బాగుంది.

అసలు బెంగ నా గురించి కాదు. మనవరాలు క్రిస్టినా. అయిదో తరగతి. ప్రార్థన వరసలో మొదట నిలబడేది అదే, అంత పొట్టి. కళ్ళ కింద నలుపు, దానికీ రక్తం తక్కువే. ఈ జబ్బు కుటుంబాల్లో నడుస్తుందట, పిల్లకూ పరీక్ష చేయించాలంది డాక్టరు. సూది మాట వినగానే క్రిస్టినా మంచం కిందికి దూరింది. గంటన్నర బయటికి రాలేదు. చివరికి అక్కణ్ణుంచే షరతు పెట్టింది.

"నానమ్మా, నువ్వు ఆరు వారాలూ ఒక్కరోజు తప్పకుండా తింటే నేను చెయ్యి చాస్తా. తప్పితే చాచను."

"ఒట్టా?"

"మనింట్లో ఒట్లు పెట్టకూడదన్నావుగా. అవునంటే అవును."

నేను ముప్ఫై మూడేళ్ళు లెక్కల టీచరుని, చివరి ఏడేళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌ని. ఆరు వారాలు ఒక లెక్కా.

నియమాలు: మధ్యాహ్నం అన్నానికి ముందు రెండు పుల్కాలు. నూనె లేదు. బేకరీ సరుకు లేదు. బయట తిండి లేదు. మా ఆయన ఎలీయాజరు గారు, రిటైరైన పోస్టుమాస్టరు, వెనకనుంచి చదివి "ఇందులో ఎక్కడా సంతోషం లేదేం మాణిక్యం" అన్నారు.

నవంబరు 4, మంగళవారం.

మొదటి రోజు. పొద్దున మామూలుగా నా ఉప్మా. ఏడాదిగా అదే నా టిఫిను, కడుపుకు తేలిక. కోడలు బిందు దెందులూరు స్కూలుకు బయల్దేరే ముందు రెండు పుల్కాలు కాల్చి హాట్‌బాక్సులో పెట్టింది.

ఒంటిగంటకు తిన్నాను. నిప్పు మీద కాలిన గోధుమ వాసన ఎలా ఉంటుందో మర్చిపోయాను. మూడోది ఉంటే తినేదాన్ని. లేదు కనుక తినలేదు. దీన్ని నిగ్రహం అనవచ్చు.

సాయంత్రం క్రిస్టినా తనిఖీ. "ఆ అను" అంది. అన్నాను. నాలుక కింద కూడా చూసింది. పరీక్ష హాల్లో నేను జేబులు వెతికిన పిల్లలందరూ గుర్తొచ్చారు.

కడుపు: ప్రశాంతం. అసలు జబ్బే లేదేమో.

నవంబరు 7, శుక్రవారం.

కడుపు: డప్పు. వాయిస్తే పక్కవీధికి వినబడుతుంది. ఫిర్యాదు చెయ్యడం లేదు, రాస్తున్నాను అంతే. రాత్రి అన్నం మానేసి ఉప్మా తిన్నాను. ఈ ఇంట్లో నన్ను బాధపెట్టనిది అదొక్కటే.

నవంబరు 9, ఆదివారం.

చర్చి నుంచి వస్తుంటే ఆయన స్కూటరు దానంతటదే బేకరీ ముందు ఆగింది. పెట్రోలు అయిపోయిందేమో అనుకున్నాను. కాలేదు.

"ఎగ్ పఫ్‌లో ఉండేది మైదా. మైదా దేంతో చేస్తారు?"

"గోధుమతో."

"మరి డాక్టరు తినమన్నది?"

"గోధుమ."

"నేనేమీ అనలేదు సుమా. నువ్వే అన్నావు" అన్నారాయన.

ఏడాదిగా నా మూలాన ఇంట్లోకి బేకరీ పొట్లం రాలేదు. ఆయన పఫ్‌ని రెండు చేతులతో పట్టుకున్న తీరు చూస్తే జాలేసింది. తోడుగా నేనొకటి తిన్నాను. పొరలు పొరలుగా చీర మీద రాలింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని, బేకరీ ముందు నిలబడి కొంగు దులుపుకుంటూ నవ్వుతున్నాను. ఎవరైనా పాత విద్యార్థులు చూశారేమో తెలియదు.

సవరణ 1: ఒక పఫ్ ఒక పుల్కాకు సమానం. "లెక్కల్లో దీన్నే ప్రతిక్షేపణ అంటారు కదూ" అన్నారాయన. నలభై మూడేళ్ళ కాపురంలో ఆయన లెక్కల మాట సరిగ్గా వాడడం ఇదే మొదటిసారి.

నవంబరు 12, బుధవారం.

సవరణ 2: సమోసా పైపొర మాత్రమే లెక్క. లోపలి బంగాళాదుంప ఉచితం.

సవరణ 3: బన్ను మీద వెన్న రాస్తే అది నూనె కాదు.

క్రిస్టినా అభ్యంతరం చెప్పలేదు. సమోసా లోపలి దుంప దానికి ఇచ్చాను. దీన్ని లంచం అనకూడదు. కాని ఏమనాలో తెలియడం లేదు.

నవంబరు 15, శనివారం. తాడేపల్లిగూడెం.

మా చెల్లెలు పుష్పమ్మ ఇంటికి వచ్చాను. మరిది గారు పరోటాలు తెప్పించారు, పుష్పమ్మ కోడి కూర వండింది. ఇంటివాళ్ళు పెట్టింది కనుక బయట తిండి కాదు. ఇది సవరణ కాదు, వివరణ.

"అక్కా, పెళ్ళిలో కూడా బజారు లడ్డు ముట్టని దానివి, పరోటా తింటున్నావా?" అంది పుష్పమ్మ. "ఒరేయ్, ఎవరైనా ఫొటో తియ్యండ్రా, లేకపోతే చర్చిలో నా మాట ఎవరూ నమ్మరు."

"మందుగా తింటున్నాను."

"మందు రెండోసారి వడ్డించమని అడగరే."

మూడు తిన్నాను. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

నవంబరు 16, ఆదివారం.

రాయను.

నవంబరు 18, మంగళవారం.

ఇప్పుడు రాస్తాను. చర్చికి వెళ్ళలేకపోయాను. మోకాళ్ళు, నడుము, కడుపు మూడూ కూడబలుక్కున్నాయి. సవరణలన్నీ రద్దు. మళ్ళీ రెండు పుల్కాలే. అవి చూస్తేనే కడుపు ముందుగా ఉబ్బుతోంది. ఇంకా నాలుగు వారాలు. క్రిస్టినా గోడమీది క్యాలెండరులో నా పేరున రోజూ టిక్కు పెడుతోంది. నేను పిల్లల పుస్తకాల్లో పెట్టినట్టే, ఎర్ర పెన్నుతో.

నవంబరు 22, శనివారం. కొల్లేరు.

అబ్బాయి వెస్లీ కైకలూరు వైపు చెరువులు లీజుకు తీసుకుని చేపలు పెంచుతున్నాడు. అందరం చూడ్డానికి వెళ్ళాం. చెరువుగట్టు మీద పాక. నీళ్ళ అవతల గూడబాతులు పెద్దమనుషుల్లా వరసగా కూర్చున్నాయి. కాపలా అతని భార్య కుండలో కొర్రమీను పులుసు కాచింది. పక్కన వేడి అన్నం.

నా ముందు: రెండు పుల్కాలు.

కొర్రమీను పులుసులో పుల్కా ముంచాను. తామరాకులా తేలింది. పులుసు పట్టదు, విరగదు, లొంగదు. చింతపండు పులుసును అవమానించడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. క్రిస్టినా గూడబాతుల్ని లెక్కపెడుతోంది. ఆయన ముల్లు తీసుకుంటున్నారు. పుల్కాలు రెండూ చెరువులోకి జారాయి.

జారాయి అని రాశాను. వేశాను.

అన్నం, పులుసు. మూడుసార్లు వడ్డించుకున్నాను. సాయంత్రం క్యాలెండరులో టిక్కు పడింది.

నవంబరు 25, మంగళవారం.

మూడు రోజులు విరామం తీసుకున్నాను. ఆరు వారాలన్నది కాని, ఒక్కరోజు కూడా మానొద్దని డాక్టరు అనలేదు.

అంది. రెండుసార్లు అంది.

పుల్కాలు పారేస్తే పాపం. పెరటి గోడ అవతల పక్కింటి బుల్లిరాజు పుంజు తిరుగుతూ ఉంటుంది, ఎర్రటి డేగ జాతిది, మెడ ఎత్తి నడుస్తుంది. బిందు స్కూల్లో, పిల్ల స్కూల్లో, ఆయన మొహం మీద పేపరు వేసుకుని నిద్రలో. గోడ మీద పెట్టాను. ముక్కలు చెయ్యబోతే నా చేతిలోంచే లాక్కుంది. చాలా మర్యాదగా తిన్నది. నాకంటే ఇష్టంగా తిన్నది.

నవంబరు 29, శనివారం.

ఇవాళ పిల్ల ఇంట్లోనే ఉంది. "ఎండకు కూర్చుని తింటానమ్మా" అని పెరట్లోకి వెళ్ళాను. పుంజు అప్పటికే గోడ మీద ఉంది. సాయంత్రం ఆరు దాటినా ఆకలి లేదని రాత్రికి కూడా ఉప్మాయే చేయించుకున్నాను. ఇప్పుడు రెండు పూటలా అదే. అయినా కడుపు పూర్తిగా కుదుటపడటం లేదు. గోధుమ ముట్టకుండా కూడా ఉబ్బుతుందేం? జబ్బు వేరే ఏదో అయ్యుండాలి. అందుకని పుల్కాలు తినకపోయినా నష్టం లేదు.

ఈ చివరి వాక్యం మా స్కూల్లో పిల్ల రాస్తే సున్నా వేసేదాన్ని.

డిసెంబరు 2, మంగళవారం.

సాయంత్రం బుల్లిరాజు వచ్చాడు. గేటు దగ్గరే చెప్పులు విప్పాడు, అంటే విషయం పెద్దదని అర్థం. క్రిస్టినా వరండాలో హోంవర్కు చేసుకుంటోంది.

"టీచరుగారండీ, ఏమీ అనుకోకండి. మా పుంజు విషయవండీ."

"ఏమైంది?"

"చోళ్ళు ముట్టటం లేదండి. బాదంపప్పు పెట్టినా చూట్టం లేదండి. ఒంటిగంటయితే మీ గోడెక్కి కూర్చుంటాదండి, దింపితే దిగదండి. ఇవాళ తూచానండి. బరువు పెరిగిపోయిందండి. గోధుమ రొట్టె తింటే పుంజుకి కాలు లేవదండి, ఆయ్."

"కాలు లేపి ఏం చెయ్యాలి బుల్లిరాజూ? పెంపుడు పుంజన్నావుగా?"

"పెంపుడేనండి, పెంపుడేనండి" అని నేల చూశాడు. "అయినా కాలు లేవాలి కదండీ."

ఇద్దరం ఒకరి తప్పు ఒకరం పట్టేశాం. తర్వాత అతను వెళ్ళిపోయాడు.

క్రిస్టినా పెన్సిలు కింద పెట్టింది. "నానమ్మా, పరీక్షలో కాపీ కొడుతూ దొరికితే నువ్వేం చేసేదానివి?"

"పేపరు లాక్కునేదాన్ని."

"అయితే ఇవ్వు" అంది. గోడమీది క్యాలెండరు నేనే తీసి ఇచ్చాను.

డిసెంబరు 4, గురువారం.

రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. బిందు బతిమాలింది, వెస్లీ ఫోనులో బెదిరించాడు. జవాబు ఒక్కటే: నానమ్మ తప్పింది, నేను చెయ్యి చాచను. న్యాయమే. దాన్ని అలా పెంచింది నేనే.

పది గంటలకు స్కూలు నుంచి ఫోను. ప్రార్థన వరసలో కళ్ళు తిరిగి కూర్చుండిపోయిందట. తీసుకొచ్చాం. కొబ్బరినీళ్ళు తాగించాను. అరచెయ్యి చూస్తే తెల్లగా ఉంది, కాగితంలా. చెయ్యి లాక్కోలేదు కాని మొహం గోడవైపు తిప్పుకుంది.

రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆరు వారాలు మళ్ళీ మొదటినుంచి అంటుంది. అననీ. కాని ఆరు వారాలు ఈ పిల్ల ఆగగలదా?

డిసెంబరు 5, శుక్రవారం.

ఇది నిదానంగా రాయాలి. నవ్వు ఆగడం లేదు, అక్షరాలు వంకర పోతున్నాయి.

నేను, ఆయన, క్రిస్టినా వెళ్ళాం. డాక్టరు భాగ్యశ్రీ ఎదురుగా కూర్చుని అంతా ఒప్పుకున్నాను. చెరువు, పుంజు, విరామం.

"ఎన్నాళ్ళయిందండీ మానేసి?"

"రెండు వారాలు కావస్తోంది."

"అయ్యో. మరి ఈ రెండు వారాలూ టిఫినుకి ఏం తింటున్నారు?"

"ఉప్మా అండీ. ఏడాదిగా పొద్దున అదే. ఇప్పుడు రెండు పూటలా."

"ఏ రవ్వ?"

"బొంబాయి రవ్వ."

ఆ అమ్మాయి పెన్ను బల్లమీద పెట్టింది. "టీచరుగారూ, బొంబాయి రవ్వ దేంతో చేస్తారండీ?"

ఇదేం ప్రశ్న. "బియ్యంతో. మా అమ్మ ఉప్పుడుపిండికి బియ్యం రవ్వ విసిరేది. ఇది అంతకంటే సన్నగా మిల్లులో ఆడతారు, అంతే. తెల్లగా ఉంటుంది కదా. గోధుమ రవ్వ వేరే ఉందండీ, ఎర్రగా, షుగరున్నవాళ్ళు తింటారు."

"అదీ గోధుమేనండి. ఇదీ గోధుమేనండి. పైపొట్టు తీసేస్తే తెల్లగా ఉంటుంది."

ఆయన సన్నగా అడిగారు: "సేమియా?"

"గోధుమండి."

"ఇడ్లీ రవ్వ?"

"అది బియ్యమేనండి."

"పోన్లే, ఒకటి మిగిలింది" అన్నారాయన.

ఊరి చుట్టూ వరిచేలు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మాకు రవ్వంటే బియ్యమే. డిగ్రీ చదివాను, ముప్ఫై మూడేళ్ళు పాఠం చెప్పాను, ఒక్కరోజు కూడా పొట్లం తిప్పి చూడలేదు. గోధుమ మానేశానని ఊరంతా చెప్పుకుంటూ ఏడాదిపాటు రోజూ పొద్దున్నే గిన్నెడు గోధుమ తిన్నాను. పుల్కాలతో కడుపు నొస్తే ఉపశమనానికి ఇంకో గిన్నెడు గోధుమ తిన్నాను. ముందు డాక్టరు నవ్వింది, తర్వాత ఆయన, తర్వాత నేను. నేను మొదలుపెట్టాక వాళ్ళిద్దరూ ఆపలేదు. రక్తం తీసే అమ్మాయి తలుపు తీసి చూసి, మళ్ళీ వేసుకుని వెళ్ళిపోయింది.

"మీరొక్కరోజు కూడా మానలేదండీ. రక్తం ఇవాళే ఇవ్వచ్చు" అంది డాక్టరు, కళ్ళు తుడుచుకుని.

ఇచ్చాను. క్రిస్టినా గుమ్మంలో నిలబడి ఒక కన్ను మూసుకుని చూసింది.

దారిలో ఆటోలో అన్నాను: "విన్నావుగా. నానమ్మ తప్పలేదు. మాట ప్రకారం ఇక నువ్వు చెయ్యి చాచాలి."

మూడు రోజుల తర్వాత మొదటి మాట మాట్లాడింది. "జవాబు కరెక్టు వచ్చింది నానమ్మా. కాని స్టెప్పులు లేవు. స్టెప్పులు లేకపోతే నువ్వు మార్కులు వేసేదానివా?"

"వేసేదాన్ని కాదు."

"మరి?"

ఆయన ఆటో కడ్డీ పట్టుకుని వణికిపోతున్నారు, నవ్వుతో. "సప్లిమెంటరీ రాయవే మాణిక్యం" అన్నారు.

డిసెంబరు 7, ఆదివారం.

నెల మొదటి ఆదివారం, ప్రభురాత్రి భోజనం. చిన్న రొట్టెముక్క చేతిలో పెట్టారు. జబ్బు ఉందని తేలితే ఇది కూడా ఆలోచించాల్సి వస్తుంది కాబోలు. ఎప్పటికంటే ఎక్కువసేపు చేతిలో ఉంచుకున్నాను. "అది కూడా లెక్కలోకి వస్తుందంటావా?" అని చెవిలో అడిగారాయన. కళ్ళు మూసుకోమన్నాను.

డిసెంబరు 10, బుధవారం.

రిపోర్టు వచ్చింది. జబ్బు ఉన్నట్టే. అంకెలు చాలా ఎక్కువ ఉన్నాయంది డాక్టరు. పక్కాగా తేల్చడానికి బెజవాడలో నోట్లోంచి సన్నని గొట్టం పంపి పేగు చూస్తారు. జనవరి 5కి ఇచ్చారు. అప్పటిదాకా గోధుమ మానకూడదు. ఆ తర్వాత జన్మలో ముట్టకూడదు.

అంటే క్రిస్మస్ కేకు ఈ ఏడు నాకు మందు. పుష్పమ్మకు ఫోను చేసి చెప్పాను. "మందు ఎన్ని కేజీలు పంపమంటావు?" అంది.

క్రిస్టినాకూ వెంటనే చేయించమంది డాక్టరు, ఎల్లుండి సాయంత్రం రమ్మంది. రాత్రి పిల్ల నా పక్కన వచ్చి పడుకుంది. "గొట్టం ఎంత పొడుగు?" అని అడిగింది. చేత్తో చూపించాను.

"నాకు సూది. నీకు గొట్టం. నీదే పెద్దది."

"అవును."

"నీకు భయం లేదా?"

"ఉంది. పుల్కాకే భయపడి పుంజుకి వేసినదాన్ని, గొట్టానికి భయపడనా?"

నవ్వు నొక్కుకుంది. మంచం ఊగింది కనుక తెలిసింది.

డిసెంబరు 11, గురువారం.

మొదటి రోజు.

నియమాలు: మధ్యాహ్నం రెండు పుల్కాలు. వరండాలో, అందరి ఎదుట. పెరట్లోకి వెళ్ళడం నిషేధం. సవరణలు లేవు, కేకు తప్ప. ఉప్మా: దాని గురించి ఇంకా కోపం తగ్గలేదు. తినాలి, తింటాను, మాట్లాడను.

నీరసంగా ఉందని పిల్లను స్కూలుకు పంపలేదు. ఒంటిగంటకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. గోడమీద పుంజు, దాని వెనక మెడ చాపి బుల్లిరాజు. మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. ఒక ముసలమ్మ భోజనానికి ఇంతమంది సాక్షులు అవసరమా అన్నాను. అవసరమే అంది క్రిస్టినా.

మొదటి పుల్కా. నమిలాను.

"ఆ అను."

అన్నాను. చూసింది. ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టింది. గోడమీద పుంజు ఒకసారి కూసింది. బుల్లిరాజు దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని తీసుకుపోయాడు.

రెండో పుల్కా తుంచుతుంటే బల్లమీద ఏదో కదిలింది. క్రిస్టినా గౌను చెయ్యి భుజందాకా మడుచుకుని, అరచెయ్యి పైకి పెట్టి, చెయ్యి బారుగా చాపి ఉంచింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఇప్పుడెందుకే? సూది రేపు సాయంత్రం కదా."

"ప్రాక్టీసు" అంది. "నువ్వు తిను."